నల్లజీడి గుర్తు

వనపర్తిలో చర్మం డాక్టరమ్మ నా కుడిచేతిని కిటికీ వెలుతురుకు తిప్పి చూసి, "టీచరమ్మా, ఈ పరీక్ష మీకు ఇదివరకే ఎవరో చేసినట్టున్నారే" అంది. మోచేతి మడతకు కాస్త కింద, లోపలివైపు, చర్మం రంగు కంటే పిసరంత తెల్లగా మూడు చుక్కలు, వాటి కింద ఒక పొట్టి గీత ఉంటాయి. పుట్టుమచ్చల్లాగే అవీ నాతో ఉండిపోయాయి కాబట్టి నేనెప్పుడూ పట్టించుకోను. ఎవరు చేశారని ఆమె అడిగింది. "మా పాన్‌గల్‌లో బట్టలుతికే ఈదమ్మ" అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. ఈదమ్మ ఎట్లా చేసిందో చెప్పేసరికి నవ్వడం ఆపి కుర్చీ ముందుకు జరుపుకుంది. బయట చీటీలు పట్టుకుని ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. అయినా ఆమె నన్ను పొమ్మనలేదు.

నేను ఆ గది దాకా రావడం నా షోకు పుణ్యమే. నాతో పనిచేసిన పంతులమ్మ పదవీ విరమణ సభకని తలకు రంగు వేసుకున్నాను. పదేళ్లుగా వాడుతున్న రంగే, కొత్తదేమీ కాదు. మర్నాడు పొద్దున లేచేసరికి కళ్లు తెరుచుకోలేదు. నుదురు, చెవులు, మెడ పొంగిపోయి, అద్దంలో కనబడిన మనిషి ఎవరో నాకు తెలియలేదు. డాక్టరమ్మ ముందు వాపు తగ్గించింది. కొన్ని వారాలయ్యాక మళ్లీ పిలిచి నా వీపు మీద చిన్న చిన్న గళ్లున్న పట్టీలు అంటించింది. ఒక్కో గడిలో ఒక్కో పదార్థం రవ్వంత. తలరంగులో కలిపేది, సెంటులో కలిపేది, సబ్బులోది, గిల్టు నగల్లోని లోహం, సిమెంటులోది, ఇట్లా ఎన్నో. రెండు రోజులు వీపు తడపొద్దంది. పట్టీలు తీసి, ఆ తరువాత మరో రెండు రోజులకు మళ్లీ చూస్తే, రెండే రెండు గళ్ల చోట చర్మం ఎర్రగా లేచింది. తలరంగుది ఒకటి, గిల్టుది ఒకటి. మిగతావన్నీ ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

"పదేళ్లు పడిన రంగు ఇప్పుడెందుకు పడలేదమ్మా" అని అడిగాను. ఆమె గద్వాల పిల్ల, మగ్గాల ఇంట్లో పెరిగింది, చెప్పిందే చెప్పడానికి విసుక్కోదు. సున్నితమైన చర్మం అనేది ఒక రోగం పేరు కాదట. కొందరికి పుట్టుకతోనే పైపొర పలచన. కొందరికి అతిగా రుద్దడం వల్ల, ఘాటు సబ్బుల వల్ల, మన దిక్కు వీచే పొడిగాలి వల్ల అది పగులుతుంది. ఆ సందుల్లోంచి బయటి పదార్థాలు లోపలికి దిగుతాయి. లోపల కాపలా కాసే కణాలు వాటిలో ఏదో ఒకదాన్ని శత్రువు కింద గుర్తుపెట్టుకుంటాయి. మొదటిసారే ఏమీ కాకపోవచ్చు, ఏళ్ల తరబడి కూడా కాకపోవచ్చు. ఒకసారి గుర్తుపెట్టుకున్నాయంటే మాత్రం ఎప్పుడో ముసలితనంలో అదే పదార్థం రవ్వంత తగిలినా పట్టేస్తాయి. "మీ చర్మానికి బలం తక్కువ అనుకోకండి, జ్ఞాపకం ఎక్కువ" అంది. ముప్పై అయిదేళ్లు పిల్లల చేత పద్యాలు బట్టీ పట్టించాను నేను. శనివారం అప్పజెప్పింది సోమవారానికి మరిచిపోయేవాళ్లు. ఎవరూ నేర్పకుండా, ఎవరూ దండించకుండా, నా తోలు ఇంతింత పాఠాలు గుర్తుపెట్టుకుని కూర్చుందంటే నాకు నిజంగానే ఒళ్లు జలదరించింది. అద్దంలో రోజూ చూసే మనిషిలో నాకు తెలియని ఇంకొకరు కాపురముంటున్నట్టు అనిపించింది.

పాన్‌గల్‌లో మా ఇల్లు ఖిల్లా గుట్ట కిందుగా ఉండేది. మధ్యాహ్నానికి గుట్ట రాళ్ల వేడి ఇంట్లోకి దిగేది. నాయిన వ్యవసాయం చేసేవాడు, జొన్న, ఆముదం, వాన పడితే పల్లి. ఇంటి పెత్తనం నాయిన తల్లిది, మా అవ్వది. అవ్వకు ఒక అలవాటుండేది. ఉతికి తెచ్చిన బట్టను వాసన చూడందే పెట్టెలో పెట్టేది కాదు. చీర మడత ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగేది. బట్టలుతికే సౌడుమన్ను వాసన, కుంట నీళ్ల వాసన, ఎండ వాసన, వాటి అడుగున ఎక్కడో ఉడకబెట్టిన బాన ఆవిరి వాసన. అన్నీ సరిగ్గా ఉంటే "మ్" అనేది. ఆ "మ్" కోసం ఈదమ్మ మూట పక్కన నిలబడి ఉండేది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. నేను పన్నెండేళ్ల పిల్లను, అయినా "ఏ ఈదమ్మా" అని పేరు పెట్టి పిలిచేదాన్ని. ఇంట్లో అందరూ అట్లాగే పిలిచేవారు. ఆమె నన్ను "బిడ్డా" అనేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గాని అప్పుడు అది గాలి పీల్చినంత మామూలు.

ఈదమ్మ ఉతికే ఇళ్లు ముప్పైకి పైనే. అన్ని ఇళ్ల బట్టలూ ఒక్క బానలో ఉడికి, ఒక్క కుంట గట్టు మీద ఆరి, సాయంత్రానికి ఎవరి మూట వాళ్లకు చేరేది. ఒక్క చేతిరుమాలు కూడా మారేది కాదు. దానికి ఆధారం నల్లజీడి. అచ్చంపేట అంగడి నుంచి తెప్పించుకునేది ఆ గింజల్ని, నల్లమల అడవి గింజలు, నల్లగా నున్నగా ఉండేవి. గింజకు సూది గుచ్చితే కొసకు నల్లటి జిడ్డు వచ్చేది. ఆ సూదితో బట్ట మూల లోపలివైపు చుక్కలు పెట్టి, వేలికి తడిసున్నం తీసుకుని మీద అద్దేది. ఆ తరువాత బట్ట పేలికైనా ఆ గుర్తు పోదు. మా ఇంటిది గీత మీద రెండు చుక్కలు. పక్కింటి వాళ్లది ఇంటూ గుర్తు, కరణం గారిది అడ్డగీతలు మూడు. అక్షరం రాని ఆ మనిషి తల నిండా ముప్పై ఇళ్ల గుర్తులు. ఏ ఇంట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో కూడా ఆ బట్టలను బట్టే ఆమెకు ముందు తెలిసేది.

ఏడో తరగతిలోకి వచ్చాక నాకు బడి బట్టలు కుట్టించారు, తెల్లచొక్కా, నీలిలంగా. అంతకుముందు నావన్నీ గౌన్లు, వాటికి గుర్తు కింది అంచులో ఉండేది. చొక్కాకు మాత్రం కాలరు లోపల, సరిగ్గా మెడ వెనక పెట్టింది ఈదమ్మ. నెల తిరక్కుండా నా మెడ మీద తీట మొదలైంది. మొదట చెమటకాయలన్నారు. తరువాత ఎర్రబడింది, తరువాత పొక్కింది, రసి కారింది, ఎండి నల్లటి పొలుసు కట్టింది. ఆ కాలంలో దేనికైనా మా అవ్వ దగ్గర రెండే కారణాలు, వేడి చేసిందనో తిన్నది పడలేదనో. వంకాయ మాన్పించింది, పుంటికూర మాన్పించింది, పల్లీలు, గుడ్డు, మామిడికాయ ఊరగాయ అన్నీ మాన్పించింది. మామిడి సంగతి ఆమెకు నా మీద ఎప్పటి నుంచో అనుమానమే, ఏటా ఎండాకాలం మామిడి సొన తగిలితే నా మూతి పక్కన పుండయ్యేది. వేపాకు నూరి పట్టించారు. పసుపు పూశారు, ఆముదం పూశారు. సర్పి అన్నారెవరో, ఎర్రమన్ను జాజు పూశారు. మా ఇంట్లో దొరికే వస్తువుల్లో నా మెడకు పూయనిది సిమెంటు ఒక్కటే. జొన్న గట్క, మజ్జిగ తప్ప నాకింకేమీ పెట్టలేదు. నేను కట్టెపుల్లనయ్యాను గాని మెడ మాత్రం మానలేదు.

చలికాలం వెళ్లేసరికి ఊళ్లో ఒక మాట పుట్టింది. ఎవరు అన్నారో తెలియదు. పెద్దరోగం అన్నారు. కుష్టు అనే మాట నోటితో అనడానికి కూడా భయపడే రోజులవి. నిజంగా అదే అయినా ఒక పిల్లను వెలివేయాల్సిన పని లేదని ఇప్పుడు నేను గట్టిగా చెప్పగలను, మందులతో నయమయ్యే జబ్బది. అప్పుడు చెప్పేవాళ్లు లేరు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు ఇంకో వరుసలోకి మారింది. తరువాత పెద్దసారు నన్ను వరండాలో కిటికీ పక్కన కూర్చోమన్నాడు. లోపల పాఠం చెప్తుంటే నేను కమ్మీల మధ్య నుంచి నల్లబల్ల చూసి రాసుకునేదాన్ని. దానికీ అలవాటు పడ్డాను. పడలేనిది ఒక్కటే. ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది, వనపర్తిలో. అది పాసైతేనే పై చదువు. పెద్దసారు నాయినను పిలిపించి, "దవాఖాన కాయితం తేకుంటే పిల్లను నలుగురిలో కూసోబెట్టి పరీక్ష రాయించలేను" అన్నాడు. నాయిన పట్నం దవాఖాన పేరే ఎత్తనిచ్చేవాడు కాదు. అక్కడికి తీసుకుపోతే ఊరంతా ఇక అదేనని ఖాయం చేసుకుంటుందని ఆయన భయం. "ఈ ఏడు పోతే పోయింది, ఇంట్ల ఉండనీ" అన్నాడు. మా ఊళ్లో ఒక ఏడు ఇంట్లో ఉన్న ఆడపిల్ల మళ్లీ బడికి పోవడం నేను చూడలేదు. నాకు ఆ సంగతి తెలుసు. అమ్మకూ తెలుసు.

అప్పుడే అవ్వ ఈదమ్మకు ఒక ఆజ్ఞ వేసింది. "దీని బట్టలు వేరే బానల ఉడకబెట్టు. వేరే గుర్తు పెట్టు. ఊరోళ్ల బట్టలల్ల కలిపినవంటె మాటొస్తది." ఈదమ్మ తల ఊపింది. నా బట్టలన్నిటికీ కొత్తగా గీత గీసి మీద మూడు చుక్కలు పెట్టింది. చొక్కాలకు కాలరులో, లంగాలకు నాడా పట్టీ లోపల. నా బట్టలు ఎవరివాటిలోనూ పొరపాటున కూడా కలవకూడదని మామూలు కంటే లావుగా పెట్టింది. నన్ను వేరు చేయడానికి పెట్టిన గుర్తు అది. వారం తిరిగేసరికి నడుము మీద కూడా లేచింది. పాకుతోందని అవ్వ ఏడ్చింది. నన్ను వాకిట్లో వేరే చాప మీద పడుకోమన్నారు. నాకు పెట్టిన గిన్నె వేరే గూట్లోకి పోయింది.

ఆ పొద్దు నాకు బాగా గుర్తుంది. అమ్మ నన్ను గడప మీద కూర్చోబెట్టి జడ పైకెత్తి పట్టుకుని వేపాకు ముద్ద పెట్టబోతోంది. ముందురోజు ఉతికిచ్చిన చొక్కా కొన్ని గంటలు తొడుక్కుని, మండుతోందని విప్పేశాను. మూట కోసం వచ్చిన ఈదమ్మ పెరటి దారిలో నుంచి నా మెడ చూసి నిలబడిపోయింది.

"అమ్మా, జర ఆగు. ఆకు పెట్టకు" అంది.

"ఏంది ఈదమ్మా?"

ఆమె దగ్గరికొచ్చి, తాకకుండా, గాల్లో వేలితో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. కింద అడ్డంగా ఒకటి. తీగకు వేలాడుతున్న నా చొక్కా తీసి కాలరు తిప్పి నా మెడ పక్కన పెట్టింది. ఆమె ఊపిరి నా చెవికి తగులుతుండడం నాకు తెలుస్తోంది. వైద్యం చేసినవాళ్లు, మంత్రం ఊదినవాళ్లు, పెద్దసారు, నాయిన, అందరూ ఆ మెడను చూసినవాళ్లే. ఎవరికీ అందులో ఆకారం కనబడలేదు. పాత పుండు మీద పసుపూ జాజూ కప్పి ఉండడం వల్ల కొంత, చూడాలంటేనే భయం వల్ల కొంత. ఈదమ్మ ముప్పై ఇళ్ల గుర్తులు చదివే మనిషి, తన చేతి పని ఎక్కడున్నా ఆమెకు కనబడుతుంది. బట్ట మీద పెట్టింది మనిషి మీద లేచి కనబడింది.

ఆమె అప్పుడేమీ బయటపెట్టలేదు. "ఎనిమిది దినాలు పిల్లకు నేను ముట్టని బట్టలు తొడుగుండ్రి అమ్మా. మీరే ఇంట్ల ఉతుకుండ్రి, ఉత్త నీళ్లల్ల. ఏ పూతా పెట్టకుండ్రి" అంది. అమ్మ తన పాత జాకెట్లు విప్పి, నాకు సరిపోయేట్టు చేతికుట్టు వేసింది. ఎనిమిది రోజులకు రసి ఆగింది. తీట తగ్గింది. అవ్వ సంబరానికి అంతు లేదు. "నేను చెప్పలే? వంకాయ మానిపించిన గుణం" అంది.

తొమ్మిదోనాడు ఈదమ్మ వచ్చి ఒక మాట అంది. ఆ మాటకు ఇప్పటికీ నేను ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

"మానుడు సరే అవ్వా. మల్ల రావాలె. మల్ల వస్తెనే ఎందుకొచ్చిందో తెలుస్తది."

"నీకేమన్న పిచ్చి లేసిందా ఈదీ? మానినదాన్ని మల్ల రప్పిస్తవా?"

"గిట్ల మానితె వంకాయతోని మానిందంటరు, మంత్రంతోని మానిందంటరు, ఎవలకు తోచింది వాళ్లంటరు. పెద్దసారు ఏది నమ్మాలె?"

అవ్వ ఒప్పుకోలేదు. అమ్మ ఎప్పుడూ అవ్వకు ఎదురు చెప్పేది కాదు. ఆ రోజు పొయ్యి దగ్గర నుంచే, "చేయనీయి అత్తమ్మా. పరీక్ష ఇంక పదిహేను దినాలే ఉన్నది" అంది. అవ్వ విసురుగా లేచి గొడ్లపాకలోకి పోయింది. నేను, ఈదమ్మ పెరట్లో మిగిలాం. ఆమె ఒక పాత ధోవతి గుడ్డను రెండు ముక్కలు చింపింది. ఒక ముక్క మీద నా ముందే సూది గుచ్చి గీత, మూడు చుక్కలు పెట్టింది. రొంటిన ఉన్న డబ్బీ తీసి సున్నం అద్ది ఎండలో ఆరబెట్టింది. గుర్తు పెట్టినది నా కుడిచేతికి కట్టింది, పెట్టనిది ఎడమచేతికి కట్టింది. "నొస్తది బిడ్డా. ఓర్చుకుంటవా?" అని అడిగింది. పరీక్ష రాయనిస్తారా అని అడిగాను. "చూద్దాం" అంది. రెండు రోజులు ఆ కట్లు విప్పలేదు. రెండో రోజుకు కుడిచెయ్యి పీకేస్తుంటే నేను ఏడవలేదు, సంతోషించాను. మూడోనాటి పొద్దున కట్లు విప్పితే ఎడమచెయ్యి ఎట్లున్నది అట్లే ఉంది. కుడిచేతి మీద గీత, మూడు చుక్కలు ఉబ్బి నీళ్ల పొక్కులై నిలబడ్డాయి. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టినట్టు ఆ చేతికి దణ్ణం పెట్టింది.

డాక్టరమ్మ ఈ మాట దగ్గరే కుర్చీ ముందుకు జరిపింది. అనుమానమున్న పదార్థం తీసేసి చూడడం, మళ్లీ తగిలించి చూడడం, పక్కన ఉత్త గుడ్డ ఒకటి కట్టి పోల్చడం, రెండు రోజులు ఆగడం, ఇవన్నీ తమకు కాలేజీలో నేర్పారంది. నీళ్ల పొక్కులొచ్చేంత ఘాటైనది మాత్రం తాను ఎవరికీ కట్టనని కూడా చెప్పింది.

అదే పొద్దున ఈదమ్మ నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చింది. ఆమె బడి మెట్టు ఎక్కడం ఎవరూ చూసి ఉండరు. ఆ రోజూ ఎక్కలేదు, మెట్టు కింద నిలబడి పెద్దసారును పిలిచింది. పిల్లలంతా కిటికీల దగ్గరికి చేరారు. ఫీజుల పని మీద వచ్చిన పెద్దమనుషులు నలుగురు వరండాలో ఉన్నారు. ఈదమ్మ నా రెండు చేతులు ముందుకు చాపి చూపింది. చొక్కా కాలరు తిప్పి చూపింది.

"సారూ, పిల్లకే రోగం లేదు. తప్పు నాది. ఈసారి గింజ పచ్చిది దొరికింది. సున్నం పెట్టకుంట గుర్తేసిన. ఆ గుర్తు ఎవల మెడకు తలిగినా గిట్లనే అయితుండె. ఈ పిల్ల మెడకు తలిగింది."

పెద్దసారు చాలాసేపు నా చేతిని, కాలరును మార్చి మార్చి చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. "లోపలికి పోయి కూసో" అన్నాడు నాతో. నేను పోయి నా వరుసలో కూర్చున్నాను. వేరే వరుసలోకి మారిన పిల్ల సాయంత్రానికి మళ్లీ నా పక్కకు వచ్చింది. వనపర్తిలో పరీక్ష రాశాను. పాసయ్యాను. ఆ తరువాత నాగర్‌కర్నూల్‌లో హాస్టలు, ఆ తరువాత పంతులమ్మ ఉద్యోగం, అన్నీ ఆ తరగతి గదిలోకి అడుగుపెట్టడంతో మొదలయ్యాయి.

ఈదమ్మకు మొదలైంది వేరే. పచ్చిగింజ మాట పెద్దమనుషులతో పాటు ఊళ్లోకి పోయింది. ఎవరి మెడ వాళ్లు తడుముకున్నారు. ఎవరికి చెమటకాయ లేచినా ఈదమ్మ పేరే. ఆరేడు ఇళ్ల వాళ్లు మూటలు ఆపేసి ఇంకొకరికి వేశారు. కరణం గారింటి వాళ్లు గుమ్మం ముందు నిలబెట్టి తిట్టారట. మా అవ్వ తిట్టింది గాని మూట మాత్రం ఆపలేదు. నా బట్టలకు ఆ తరువాత ఈదమ్మ జీడి పెట్టలేదు, అంచులో ఎర్రదారంతో మూడు కుట్లు వేసేది. ఆ ఏటి కల్లంలో ఏడాది చాకిరీకి ఆమెకు రావలసిన ధాన్యం బాగా తగ్గిందని అమ్మ అనుకుంటుంటే విన్నాను. రెండు మూడేళ్లకు ఆ కుటుంబం కొత్తకోటకు పోయింది. పెద్ద రోడ్డు మీద దాబాల వాళ్ల దుప్పట్లు, తువాళ్లు ఉతికేవాళ్లని విన్నాను. నాకు జాలేసింది. పాపం, సున్నం మరిచిపోయి ఎంత నష్టపోయిందో అనుకున్నాను. ఆ జాలితోనే యాభై ఏళ్లు గడిపేశాను.

డాక్టరమ్మకు కథంతా చెప్పాక ఆమె తల అడ్డంగా ఊపింది. సున్నం వేస్తే ఘాటు కొంత తగ్గుతుందేమో గాని, గుర్తుపెట్టుకున్న ఒంటికి అది చాలదంది. మామిడి, జీడి ఒకే కుటుంబానివట, నా మూతి పుండ్లతోనే నా ఒళ్లు ఆ పాఠం మొదలుపెట్టి ఉంటుందట. "ఊరందరి కాలర్లకూ అదే గింజతో పెట్టింది కదండీ, వాళ్లెవరికీ రాలేదు. అది ఆమె పొరపాటు కాదు, మీ చర్మం తీరు" అంది. అప్పుడు నాకు పెరట్లో సున్నం డబ్బీ కళ్ల ముందుకొచ్చింది. చేతికి కట్టిన గుడ్డకు ఈదమ్మ సున్నం అద్దింది, నేను కళ్లారా చూశాను. అయినా పొక్కింది. మరి బడిలో సున్నం పెట్టలేదని ఎందుకంది? పిల్లల పరీక్ష పేపర్లలో చిన్న చిన్న తప్పులు పట్టుకున్న దాన్ని, నా సొంత చేతి మీద ఉన్నది ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు.

ఆ ఆదివారమే కొత్తకోట పోయాను. దాబాల వెనక సందులో ఈదమ్మ కూతురు ఇస్త్రీ దుకాణం పెట్టుకుంది. వాకిట్లో నులక మంచం మీద ఈదమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి, చూపు మందగించింది. చేతివేళ్ల కొసలు ఇంకా నల్లగానే ఉన్నాయి.

"నేను పెద్దమ్మా, పాన్‌గల్ సువర్ణను" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆమెను వరస పెట్టి పిలిచాను.

"మెడ పిల్లవా?" అంది వెంటనే. నవ్వింది. మంచం మీద జరిగి చోటిచ్చింది.

కూతురు చాయ్ తెచ్చింది. వచ్చిన పని చెప్పకుండా ఆగలేకపోయాను. తలరంగు సంగతి, వీపు మీద పట్టీల సంగతి, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. "తప్పు నీది కాదు పెద్దమ్మా. సున్నం పెట్టినా నాకు అయితుండె. నా ఒంటికే అది పడది. నువ్వు ఊరికెనే ఆ తప్పు మీదేసుకొని ఇండ్లు పోగొట్టుకున్నవ్. ఈ మాట నీకు చెప్పాలెనని వచ్చిన."

ఆమె చాయ్ చల్లార్చుకుంటూ తాగింది.

"ఆ సంగతి నాకెర్కలేదా బిడ్డా" అంది. "మా చెల్లెకు గట్లనే ఉండె. మా అమ్మ గింజకు సూది గుచ్చితె సాలు, అవుతల కూసున్నా దాని మొకం ఉబ్బుతుండె. కొందరి ఒంటికి పడది. సున్నం పెట్టుడు నేనెన్నడు మరువలే."

"మరి మరిచిన అంటివి గద సారుతోని."

"ఏమనాలె? ఊరందరికీ పడ్డది, ఈ పిల్లకే పడలే అంటె, దీని ఒంట్లనే ఏదో ఉన్నదందురు. ఆడపిల్లవు. మల్ల ఆడనే బయట కూసోబెడుదురు. తప్పు గింజదీ నాదీ అంటి, సారు లోపలికి పొమ్మన్నడు."

నాకేమీ తెలియని వయసులో నా గురించి ఇంత ఆలోచించిన మనిషిని, నేను యాభై ఏళ్లుగా మతిమరుపు మనిషి అనుకున్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పోయిన ఇళ్ల సంగతి ఏమిటని, తిట్లు పడ్డ సంగతి ఏమిటని అడిగాను.

"ఇండ్లు పోతె ఇంకోకాడ దొరికినయి బిడ్డా" అంది ఈదమ్మ, ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ. "నీ పరీక్ష ఆ ఒక్క సారే గద ఉండె."